పేరు తెలియని గోలీ

శ్రావణమాసం మొదటి గురువారం, ఉదయం ఏడుంబావు. మాస్కులు పెట్టుకోవడం మానేసిన ఏడాది. భూపాలపల్లిలో మా చెల్లెలి క్వార్టర్లో, వంటింటి గడప మీద కూర్చుని చాయ్ తాగుతుంటే కింది పెదవి లోపల చురుక్కుమంది. చాయ్ వేడిగా ఉందనుకుని పక్కన పెట్టాను. చల్లారాక తాగినా అదే మంట.

ఇంత కచ్చితంగా గుర్తుండడంలో వింతేమీ లేదు. నలభై ఒక్క ఏళ్లు జనగామలో జాకెట్లు కుట్టినదాన్ని. ఎవరి బట్ట ఏ రోజు ఎన్ని గంటలకు ఇస్తానన్నానో గుర్తుపెట్టుకోవడమే ఆ పనిలో సగం.

భూపాలపల్లికి వచ్చింది కూడా కుట్టుపని మీదే. మా చెల్లెలి భర్త బొగ్గు గనిలో పనిచేస్తాడు. వాళ్ల కూతురి పెళ్లి శ్రావణంలో పెట్టుకున్నారు. పెళ్లికూతురి జాకెట్లు, ఆడబిడ్డలకు పెట్టేవి, పెద్దవాళ్లవి అన్నీ నేనే కుట్టాలని ఆషాఢం మధ్యలోనే నన్ను తీసుకుపోయింది. వెళ్లిన నాలుగో రోజు కుడికాలి బొటనవేలు వాచింది. పెడల్ మీద కాలు ఆనితే ప్రాణం పోయినట్టుండేది. వీధి చివర ఒక ఆర్ఎంపీ ఉన్నాడు. ఏం చదివాడో ఎవరికీ తెలియదు, అందరూ డాక్టరు సాబ్ అంటారు. ఆయన బల్ల మీద మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు వరసగా ఉంటాయి. ఒక దాంట్లోంచి తెల్లవి, ఒక దాంట్లోంచి గులాబి రంగువి, ఒక దాంట్లోంచి పసుపువి చేతిలో పోసుకుని, పాత పేపరు ముక్కలో పొట్లం కట్టి ఇచ్చాడు. వారంలో వాపు తగ్గింది. ఆపితే మళ్లీ వస్తుందని ఇంకో పొట్లం ఇచ్చాడు. అదీ వాడుతుండగా, గోలీలు మొదలుపెట్టిన పదిహేడో రోజు పెదవి మండింది.

ఆ సాయంత్రానికి జ్వరం. కళ్లలో కారం పడ్డట్టు మంట. తెల్లారేసరికి ఛాతీ మీద ఎర్రటి మచ్చలు, ఒక్కోదాని నడుమ నల్లగా చుక్క. పక్క క్వార్టర్ ముసలమ్మ వచ్చి చూసి, రెండు చేతులూ జోడించి, తల్లి పోసిందన్నది. మా వైపు అమ్మవారంటే ఇంట్లో పాటించే పద్ధతులు చాలా ఉంటాయి. తాలింపు వేయరు. తల దువ్వుకోరు. రోగికి వేపాకు పరిచి చీకటి గదిలో పడుకోబెడతారు. మందు గోలీలు ఇవ్వరు, ఇస్తే తల్లికి కోపం వస్తుందంటారు. అలాంటి ఇంట్లో పెళ్లి జరగదు.

మా చెల్లెలు గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి రాలేకపోయింది.

"ఏమనుకోకక్కా," అన్నది. "ఎల్లుండి పందిరి గుంజలు పాతాలె. మగపెండ్లోల్లకు తెలిస్తే…"

"నువ్వు జెప్పేదాంక ఉంటనా? కారు మాట్లాడు. మానుకోటకు పోత, బిడ్డ దగ్గరికి," అన్నాను. మానుకోట అంటే మహబూబాబాద్. నా కూతురిని అక్కడే ఇచ్చాను.

కారు వచ్చేలోగా మా చెల్లెలు నా దిండు కింది గోలీల పొట్లం తీసి, నేను తినకుండా వదిలేసిన అన్నంతో కలిపి వీధిలో మురికినీళ్లు పారే మోరీలో పారేసింది. తల్లి ఉన్న ఒంటి దగ్గర మందు ఉండకూడదని. ఆ పని తప్పని అక్కడున్న ఎవరికీ తోచలేదు.

మానుకోట దారిలో గూడూరు దాటేసరికి కళ్లు తెరవలేకపోయాను. అటు తర్వాత జరిగిందంతా చెవులతో తెలిసినదే.

మా వియ్యపురాలు మంచి మనిషి. ముందు గది ఖాళీ చేయించి, కిటికీలకు దుప్పట్లు కట్టించి, చాప మీద దుప్పటి వేసి, వేపాకు పరిచి నన్ను పడుకోబెట్టింది. పూటపూటకీ పసుపు, వేప నూరి ఒళ్లంతా పూసింది. పోచమ్మకు బోనం, కురవి వీరభద్రుడికి కోడెను మొక్కింది. రెప్పలు చీముతో అతుక్కుపోతే, వేపాకు నీళ్లలో ముంచిన గుడ్డతో పైపైన అద్దేది. గట్టిగా తుడవకూడదు, తెరవకూడదు. నోరంతా పుండ్లు. ఉమ్మి మింగాలంటే భయం. నీళ్లు కూడా గొంతు గీసుకుంటూ దిగేవి. నేను ఏదో అడగబోతే, "మాట్లాడకు వదినె, తల్లి సల్లగ జూస్తది," అనేది. నాకూ అదే నమ్మకం. చిన్నప్పుడు మా అమ్మ కూడా నన్నిలాగే పడుకోబెట్టింది, తగ్గింది. కానీ చిన్నప్పుడు దురద పుట్టింది. ఇప్పుడు దురద లేదు, కాలుతోంది. ఆ తేడా నాకు తెలుస్తోంది. చెప్పడానికి నోరు లేదు.

అయిదో రోజు పొద్దున్నే వేపాకు మార్చడానికి నా కూతురు నన్ను పక్కకు తిప్పింది. తడి గుడ్డను నేల మీదనుంచి లాగినట్టు ఒక చప్పుడు వినిపించింది. తర్వాత నా కూతురి ఊపిరి ఆగిపోవడం వినిపించింది. నా వీపు తోలు దుప్పటికి అంటుకుని ఉండిపోయిందని తర్వాత చెప్పారు. అప్పుడు నాకు నొప్పి కంటే ఆ నిశ్శబ్దానికే ఎక్కువ భయం వేసింది. ఏమైందో అడగలేను, చూడలేను.

నా కూతురు అంగన్‌వాడీలో పనిచేస్తుంది. అమ్మవారు పోసిన పిల్లలను ఎంతమందినో చూసింది.

"అత్తమ్మా, తల్లి పోస్తే పొక్కులు ఎండుతయి, తోలు ఊడదు," అన్నది. గొంతు మామూలుగానే ఉంది. "నేను అమ్మను దవాఖానకు తీస్కపోతున్న. మొక్కులు మీరు మొక్కుండ్రి, బండి నేను పిలుస్త."

మహబూబాబాద్ దవాఖానలో చూసి చూడగానే వరంగల్ పంపారు. అక్కడ కాలిన వాళ్ల వార్డులో వేశారు. వచ్చిన ప్రతి డాక్టరూ మొదట అడిగింది ఒక్కటే: ఏ మందు వాడారు? ఏదో ఒక గోలీ పడక ఒంటి తోలు, లోపలి పొరలు ఊడిపోయే జబ్బట. ఏ గోలీయో తెలియాలి. నా కూతురు భూపాలపల్లికి ఫోన్ చేసింది. మా చెల్లెలు మోరీ దగ్గరికి పరిగెత్తింది. మూడు వానలు పడ్డాయి, ఏముంటుంది? ఆర్ఎంపీని అడిగితే, అందరికీ ఇచ్చేవే ఇచ్చానన్నాడు.

ఇరవై ఆరు రోజుల తర్వాత బతికి బయటపడ్డాను. పంపించే ముందు అక్కడి పెద్ద డాక్టరు రెండు మాటలు చెప్పాడు. గోలీలు వెంటనే ఆపేశారు కాబట్టే ప్రాణం మిగిలింది, అది ఒకటి. మొదటి అయిదు రోజులూ కళ్లను ఎవరూ చూడలేదు కాబట్టి అవి పాడయ్యాయి, అది రెండు. గోలీలు ఆపించింది అమ్మవారే. కళ్లు మూయించిందీ అమ్మవారే. దేంట్లోంచి దేన్ని తీసేయాలో నాకు ఇప్పటికీ తెలియలేదు. మా వియ్యపురాలు ఆసుపత్రికి వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంటే మొదటి మాట మాత్రమే చెప్పాను. రెండోది ఎలాగూ ఎవరో చెబుతారు.

జబ్బు తగ్గిందంటే అయిపోయిందనుకున్నాను. అసలు భయం ఇంటికి వచ్చాక మొదలైంది.

జనగామలో మా ఇంటి ముందు గదే నా దుకాణం. భర్త పోయిన దగ్గర్నుంచి ఒక్కదాన్నే. తిరిగి వచ్చేసరికి మెషిన్ మీద దుమ్ము, నా ఒంటి మీద మచ్చలు. మెడ, చేతులు ఒకచోట తెల్లగా, ఒకచోట బొగ్గులా. చేతి గోళ్లు అన్నీ ఊడి, కొన్ని వంకరగా మొలిచాయి, కొన్ని అసలు రాలేదు. పాత గిరాకీలు వచ్చి గుమ్మం బయటే నిలబడి పలకరించి పోయేవాళ్లు. ఒకామె మాత్రం అడిగేసింది, "అంటుకుంటదా అక్కా?" అని. అంటుకోదన్నాను. "గట్లనా, మంచిదే," అని సంచిలోని బట్టను సంచిలోనే ఉంచుకుని వెళ్లిపోయింది.

కళ్లలో నీరు ఆరిపోయింది. గంటగంటకూ చుక్కల మందు వేయకపోతే రెప్ప ఇసుక కాగితంలా గీస్తుంది. రెప్పల వెంట్రుకలు బయటికి కాక లోపలికి మొలుస్తున్నాయి. వారానికోసారి జనగామ దవాఖానకు వెళ్లి చిన్న పట్టకారుతో పీకించుకుంటాను. అన్నం మెత్తగా పిసికి మజ్జిగతో మింగాలి, ముద్ద పెద్దదైతే గొంతు కింద ఆగిపోతుంది. చెమట సరిగా పట్టదు, ఎండలో పది అడుగులు వేస్తే ఒళ్లు పెనంలా కాలుతుంది. ఆడవాళ్లు బయటికి చెప్పుకోని చోట కూడా పొరలు అతుక్కున్నాయి. అది ఒక డాక్టరమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడాది మా అన్న పోయాడు. మా వైపు చావు ఇంట్లో ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయినవాళ్ల గుణగణాలు చెప్పుకుంటూ ఏడుస్తారు. నేనూ మా వదినె మెడ పట్టుకుని ఏడ్చాను. గొంతు ఏడ్చింది, కళ్లు ఎర్రబడ్డాయి, అంతే. వెనక నుంచి ఎవరో అన్నారు: "తోడబుట్టినోడు పోతే గిదేం ఏడుపు, కండ్లల్ల సుక్క లేదు." నాకు అక్కడే చుక్కల మందు వేసుకోవాల్సిన సమయమైంది. వేసుకోలేదు. వేసుకుంటే నీళ్లు దొంగతనంగా తెచ్చుకున్నానంటారని.

ఆ ఫాల్గుణంలో ఎడమ కంటి నల్లగుడ్డు మీద తెల్లగా పుండు పడింది. హోలీ దాటాక అది చిల్లు పడి కన్ను పోయింది. ఆ రోజు నుంచి నా భయమంతా కుడి కంటి మీదే. పొద్దున్నే లేచి గోడ మీది క్యాలెండర్లో అంకెలు చదువుతాను. నిన్న కనిపించిన అంకె ఇవాళ కనిపిస్తోందా లేదా. ఇది రాస్తున్నది కూడా లావు పెన్నుతోనే, ఒక పేజీకి ఆరేడు వరుసలు.

ఈ ఏడాది ఆ అంకెలు మసకబారాయి. హైదరాబాదులో ఒక కంటి డాక్టరమ్మ చూసింది. రెప్ప అంచు గరుకుగా మారి కనుగుడ్డును గీస్తోందట. కింది పెదవి లోపలి మెత్తటి పొర కొంచెం కోసి తెచ్చి రెప్ప అంచుకు కుట్టాలంది.

"చేయించుకోకపోతే?" అని అడిగాను.

"ఇంకో ఎండాకాలం ఈ కన్ను నిలబడదమ్మా."

నొప్పికి వరంగల్‌లో నా ఒంటికి పడిన మందే ఇస్తామన్నది. కానీ రెండు చోట్ల కుట్లు పడతాయి కాబట్టి చీము పట్టకుండా కొత్త గోలీ ఒకటి తప్పదు. నేనెప్పుడూ వేసుకోనిది. కనీసం వేసుకోలేదని ఆమె అనుకుంటున్నది. ఎందుకంటే ఆర్ఎంపీ పొట్లంలో ఏమున్నాయో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. కాలివాపుకు సాధారణంగా ఇచ్చే రకాలు ఊహించి, వాటికి దూరంగా ఉన్నదాన్ని ఎంచుకుంది. "ఆ మూడింటి పేర్లు దొరికితే మాత్రం నాకు చెప్పండి, అప్పుడు నాకూ ధైర్యంగా ఉంటుంది," అన్నది.

నాకూ ధైర్యంగా ఉంటుంది అన్న ఆ ముక్క నన్ను నిద్రపోనివ్వలేదు. అంటే ఆమెకూ భయమే.

భూపాలపల్లి వెళ్లాను. మా చెల్లెలిని వెంటబెట్టుకుని ఆర్ఎంపీ దగ్గర కూర్చున్నాను. నల్లద్దాలు తీసి నా ముఖం చూపించాను. ఆయన లేచి, లోపల ఉన్న ఇద్దరిని సాయంత్రం రమ్మని పంపించేశాడు.

"కేసు పెట్టడానికి రాలే," అన్నాను. "ఉన్న ఒక్క కన్ను కోసం వచ్చిన. ఆ మూడు గోలీల పేర్లు చెప్పు, పోత."

ఆయన డబ్బాలన్నీ తెచ్చి నా ముందు పెట్టి మూతలు తీశాడు.

"నేను దాసిపెడ్తలేను పెద్దమ్మా. జర నా మాట ఇను. అట్టల నుంచి ఒలిచి గీండ్ల పోస్తం. అయిపోతే మల్ల పోస్తం. ఒక్కోపారి ఏ కంపెనీది అగ్గువకు దొరికితే అది. పసుపు డబ్బల ఇయ్యాల ఉన్నది అప్పుడు ఉన్నది కాదు. అట్టలు అప్పుడే కాలవెడ్తం. నేను జెప్తే అది అబద్ధమైతది."

"గాజులమ్మేటోడన్న ఏ డజను ఎవలకు తొడిగిండో జెప్తడు," అన్నది మా చెల్లెలు. "నువ్వు మనుషుల నోట్లె పోసి మర్సిపోయినవ్."

ఆయన డబ్బాలకు మూతలు పెట్టసాగాడు. ఆయన మాట అబద్ధమైతే బాగుండునని నాకనిపించింది. అబద్ధమైతే ఇంకోసారి వెళ్లి, బతిమాలో బెదిరించో పేర్లు రాబట్టవచ్చు. ఆయన నిజమే చెబుతున్నాడు. ఆ పేర్లు ఈ లోకంలో ఎవరి దగ్గరా లేవు. బయటికి వచ్చాక మా చెల్లెలు ఆ మోరీ వైపు చూస్తూ నిలబడిపోయింది. చేయి పట్టుకుని నడిపించాను.

బస్సులో జనగామ దాకా ఆలోచించాను. కొత్త గోలీ వేసుకుంటే తోలు మళ్లీ ఊడవచ్చు, ఈసారి ప్రాణమే పోవచ్చు. వేసుకోకుండా ఆపరేషన్ లేదు. ఆపరేషన్ లేకపోతే చీకటి. చీకటి ఎలా ఉంటుందో మానుకోటలో ఆ ముందు గదిలో చూశాను. అందులో ఎన్నేళ్లు ఉండాలో తెలియకుండా ఉండలేను. కూతురికి ఫోన్ చేసి సెలవు పెట్టమన్నాను.

ఆపరేషన్‌కు ముందు రోజు ఉదయం వార్డులో నర్సమ్మ గోలీ తెచ్చింది. అట్ట మీదే ఉంది, ఒలవలేదు. పేరు గట్టిగా చదవమన్నాను. నా కూతురు చదివింది. ఇంకోసారి చదవమన్నాను. అప్పుడు వేసుకున్నాను. ఏమైనా అయితే వెంటనే తెలుస్తుందా అని డాక్టరమ్మను అడిగాను.

"వెంటనే తెలిసే జబ్బు కాదమ్మా ఇది. రెండు మూడు వారాలు చూడాలి," అన్నది.

రెప్ప కుట్టారు. కంటికి కట్టు కట్టారు. పెదవి లోపల కోసిన చోట మంట మొదలైంది. ఆ జబ్బు వచ్చేటప్పుడు మొదట మండేది కింది పెదవి లోపలే. ఇప్పుడు కోసిందీ అక్కడే. ఇది కోత మంటా, ఆ మంటా? ఎలా తెలుస్తుంది? రెండు కళ్లలో ఒకటి లేదు, ఒకదానికి కట్టు. అద్దం పనికిరాదు. నాలుకతో తడుముకుంటాను. ఎడమ వైపు కుట్లు తగులుతాయి. కుడి వైపు నున్నగా ఉందా? నిన్న ఉన్నంత నున్నగా ఉందా? బుగ్గ లోపల? అంగిలి? లేచిన ప్రతిసారీ నాలుక ముందు అక్కడికే పోయేది. నా కూతురు ఛాతీ, వీపు చూసి ఏమీ లేదని చెబుతుంటే, అంతా సరిగా చూశావా అని అడిగి ఆమెను విసిగించేదాన్ని. ఒకరోజు మోచేతి మీద దద్దురు తగిలి, ఇదేమిటని మళ్లీ మళ్లీ అడిగితే ఆమె విసుగ్గా అన్నది.

"దోమ కుట్టిందమ్మా. దోమ. కావాల్నంటే పట్టుకొచ్చి సూపెడ్త."

నవ్వబోతే పెదవి లాగింది. లాగిన చోటే భయపడ్డాను.

జనగామకు వచ్చేశాక, రెండో వారం ఒక సాయంత్రం ఒళ్లు వెచ్చబడింది. నా కూతురు బట్టలు సంచిలో సర్దింది. దవాఖానకు వెళ్తే మామూలు జలుబన్నారు. జలుబుకు గోలీ రాసిస్తే వద్దని కాగితం తిరిగి ఇచ్చేశాను. ముక్కు కారుతూ, వణుకుతూ దుప్పటి కప్పుకుని, దానంతట అది తగ్గేదాకా పడుకున్నాను.

నాలుగో వారం దాటింది. తోలు ఊడలేదు. కట్టు విప్పాక క్యాలెండర్ ముందు నిలబడ్డాను. పెద్ద అంకెలు కనిపించాయి. తిథి, నక్షత్రం రాసే చిన్న అక్షరాలు కనిపించలేదు. ఇక కనిపించవని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఉన్నది నిలబెట్టడానికే ఆపరేషన్, పోయింది తేవడానికి కాదు. ఉన్నది నిలబడింది. ఎంతకాలం నిలబడుతుందో ఆమె చెప్పలేదు, నేనడగలేదు.

ఇప్పటికి పోయినవి ఇవి. ఎడమ కన్ను పూర్తిగా. కుడి కంటిలో సన్నని చూపు. రెండు కళ్ల నీళ్లు. చేతి గోళ్లు ఆరు, కాలి గోళ్లు నాలుగు. చెమట. కారం, తొక్కు, గట్టి రొట్టె. మధ్యాహ్నం బయటికి వెళ్లడం. మా చెల్లెలి కూతురి పెళ్లి చూడటం. జ్వరం వస్తే ఒక గోలీ వేసుకుని నిద్రపోవడం. సూదిలో దారం ఎక్కించడం, కాజాలు, చేతి కుట్టు. నలభై ఒక్క ఏళ్ల దుకాణం.